కత్తెర పిల్లల చేతికే ఇవ్వు

మహబూబ్‌నగర్

ప్రియ మిత్రమా,

చెల్లెమ్మ ఫోనులో అడిగినప్పటి నుంచీ నీకు రాయాలనే ఉంది. సెలవుల్లో పిల్లలతో కాగితం గుండె బొమ్మలు చేయించాలట, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమంది. ఫోనులో చెబితే కొలతలు గుర్తుండవు, అందుకే ఉత్తరం. ఆదివారం వస్తే మా వరండా నిండా వీధిలోని పిల్లలే ఉంటారని నీకు తెలుసు కదా. చెప్పాల్సింది బోలెడుంది, ఓపికగా చదువు.

అన్నింటికన్నా ముందు ఒక్క మాట. బొమ్మను నువ్వు కత్తిరించి, రంగులు మాత్రం పిల్లలను వేయమనకు. అప్పుడు అది చక్కగానే ఉంటుంది, కానీ నీ బొమ్మ అవుతుంది. వంకరగా వచ్చినా సరే, మడతా కోతా వాళ్లవే కావాలి. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

కాగితం కంటే ముందు వాళ్లకు ఒక రావి ఆకు ఇవ్వు. నడి ఈనె మీద మడవమను. రెండు అంచులూ దాదాపుగా కలుస్తాయి, పూర్తిగా మాత్రం కలవవు. ఎక్కడ కలవలేదో వేలు పెట్టి చూపించడానికి పిల్లలు పోటీ పడతారు. ఆ తర్వాత కాగితాన్ని సగానికి మడిచి, మడత అంచున చెవి ఆకారం గీసి, కింద మొనదేల్చమంటే చాలు. విప్పితే గుండె. అయితే చాలామంది మొదటిసారి మడతనే కత్తిరిస్తారు, రెండు చెవులు విడివిడిగా రాలిపడతాయి. అప్పుడు నువ్వు నోరు మెదపకు. వాళ్లే ఆ ముక్కలను పక్కపక్కన పెట్టి చూసుకుని సంగతి కనిపెడతారు. మడతను ఒక చేత్తో గట్టిగా పట్టుకోవాలని ఆ తర్వాత చెప్పు, అప్పుడు తలకెక్కుతుంది.

వంపు దగ్గర కత్తెరను కాదు, కాగితాన్ని తిప్పాలి. మీ చిన్నది ఎడమచేతి వాటం కదా, దాని సంగతి ప్రత్యేకంగా చూడు. మామూలు కత్తెరను ఎడమ చేత్తో పట్టుకుంటే పై బ్లేడు గీతను కప్పేస్తుంది, వేళ్ల ఒత్తిడికి రెండు బ్లేడ్లూ ఎడంగా జరిగి కాగితం తెగకుండా నలుగుతుంది. పిల్లకు చేతకాక కాదు, కత్తెర దానికోసం చేసింది కాదు. ఎడమచేతి కత్తెర దొరికితే కొను, దొరికేదాకా చింపి చేయమను. రెండు బొటనవేళ్ల గోళ్లూ దగ్గరగా పెట్టి కొంచెం కొంచెంగా చింపితే అంచు నూగుగా వస్తుంది. నాకైతే కత్తిరించిన వాటికంటే చింపిన గుండెలే ఎక్కువ నచ్చుతాయి.

పాత క్యాలెండర్ పట్టీలతో దండ చేయడం చాలా తేలిక. రెండు పట్టీలను కలిపి ఒక కొసన పిన్ను కొట్టి, మిగతా కొసలను చెరో వైపు బయటికి వంచి కిందికి తెచ్చి కలపాలి. ఆ కలిసిన చోటే తర్వాతి రెండు పట్టీలూ పెట్టి పిన్ను కొడితే గొలుసు సాగుతుంది. స్టేప్లర్ మాత్రం పెద్దవాళ్ల చేతిలో ఉండాలి.

అల్లిక గుండె మాత్రం మీ ఇంట్లో చేయాల్సిందే, ఎందుకంటే మీ అత్తగారి ఊరు నేతకు పేరుపడ్డ పుట్టపాక. ఈ బొమ్మ డెన్మార్క్‌ది. అక్కడ క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసి లోపల మిఠాయిలు పెడతారు. కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసినది ఇప్పటికీ భద్రంగా ఉంది, తెలిసినవాటిలో అదే అన్నిటికన్నా పాతది. ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి గ్లేజు కాగితాలు తీసుకో. ఒక్కొక్కటీ 8 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. పొడవును సగానికి మడిచి, మడత లేని కొసను అర్ధవృత్తంగా కత్తిరించు. మడత వైపు నుంచి 8 సెంటీమీటర్లు దాటి ఇంకొంచెం దాకా రెండు కోతలు పెడితే మూడు పట్టీలవుతాయి. రెండు కాగితాలనూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి అల్లడం మొదలుపెట్టు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. మగ్గం మీద పేక, అంటే అడ్డం పోగు, ఒకసారి పడుగు అనే నిలువు పోగుల పైనుంచి, ఒకసారి కిందనుంచి పోతుంది. ఇక్కడ అలా కాదు. ఎర్ర పట్టీ మొదటి తెల్ల పట్టీ పొరల మధ్యలోంచి దూరాలి, రెండో తెల్ల పట్టీ ఎర్ర పట్టీ పొరల మధ్యలోంచి రావాలి, మూడోది మళ్లీ మొదటిదాని లాగే. తర్వాతి ఎర్ర పట్టీకి ఈ వరుస తిరగబడుతుంది. అందువల్లే చివరికి అది సంచిలా తెరుచుకుంటుంది. దీన్ని మీ మామగారి చేతిలో పెట్టి చూడు. నూనె పట్టించిన నూలుతో తేలియా రుమాలు నేసిన చేతులు ఈ తేడాను ఎంతసేపట్లో పట్టుకుంటాయో చూడాలని నాకెంత కోరికగా ఉందో! తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినప్పుడు ఆయన ఎంత సంబరపడ్డారో నువ్వే చెప్పావు. ఆ రుమాలులోని ఎరుపు, తెలుపు రంగులు ఇక్కడా సరిపోయాయి. తాత నేతపని చేస్తుండగా చూసిన పిల్లలకు ఈ తేడా ఆయనే చెప్పగలడు, మరొకరు నేర్పక్కర్లేదు.

ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కాగితాన్ని మడిచి, చూపుడువేలి కొసా బొటనవేలి కొసా మడతకు తగిలేలా చెయ్యి ఆనించి, చుట్టూ గీసి కత్తిరించాలి. ఆ రెండు వేళ్ల మధ్య ఖాళీని కూడా తీసేయాలి. విప్పితే రెండు చేతులు కలిసి ఉంటాయి, మధ్యలో గుండె ఆకారంలో ఖాళీ ఉంటుంది. పాలమూరు వలసల సంగతి నీకు కొత్త కాదు. మా వీధిలో అమ్మానాన్నలు ముంబయిలో ఇళ్లు కట్టే పనికి పోగా నానమ్మ దగ్గర పెరిగే పిల్లవాడు ఒకడున్నాడు. వాడు ఇది చేసి, ఒక చేతి మీద తన పేరూ, రెండో దాని మీద తరగతీ రాసి, నాన్నకు పంపమని నాకిచ్చాడు. తన చెయ్యి ఎంత పెరిగిందో నాన్న తన చేతితో కొలిచి చూసుకోవాలట. ఫోనులో రోజూ ముఖం కనిపిస్తున్నా చేతి కొలత తెలియదు కదా అని వాడి వాదన. ఏ ఫోర్ కాగితం బరువు అయిదు గ్రాములు కూడా ఉండదు, మామూలు కవరులో హాయిగా వెళ్లిపోయింది. అందుకే చెబుతున్నాను, చేసిన బొమ్మ ఎవరికివ్వాలో పిల్లలనే తేల్చుకోనివ్వు. గోడకు అతికించి ఫోటో తీయాలని తొందరపడకు.

గ్లేజు కాగితాలు అక్కడ మంచివి దొరక్కపోతే రాయి, గడియారం చౌరస్తాలో కొని బస్సులో పంపిస్తాను. పెళ్లి పత్రికలు అల్లికకు వాడకు, మందంగా ఉండి మడత దగ్గర పగులుతాయి. చెల్లెమ్మను అడిగానని చెప్పు. మీ మామగారు ఏమన్నారో మాత్రం మరిచిపోకుండా రాయి, జవాబు కోసం చూస్తుంటాను.

నీ
పాలమూరు మిత్రుడు