పరుగు సరే, నిద్ర సంగతేంటి?

సంపాదకుడు గారికి,

ఈమధ్య పేపర్లలో 100 కిలోమీటర్లు పరిగెత్తినవాళ్ల ఫొటోలు బాగా వస్తున్నాయి, సంతోషమే. కానీ అవి చూసి మా ఆఫీసులో నలుగురు అలాంటి పోటీకి అప్పటికప్పుడు పేరు ఇచ్చేశారు. ఒకడు బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, ఇంకొకడు ఇంతవరకూ 10 కిలోమీటర్లు దాటలేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, నాకు 44 ఏళ్లు. 2022 జులైలో మన కంఠీరవ స్టేడియంలో జరిగిన 24 గంటల ఆసియా, ఓషియానియా పరుగు పోటీల్లో మన మగవాళ్ల జట్టు స్వర్ణం గెలిచిందని చదివాక నాకూ పిచ్చి పట్టింది. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు, అది దాటితే అల్ట్రా మారథాన్ అంటారు, నేను 50తో మొదలుపెడదామనుకున్నాను. బెంగళూరు చల్లటి ఊరు, ఇబ్బందేముంది అనుకున్నా. ఇబ్బంది ఆదివారంతో వచ్చింది. తెల్లవారుజామున 4కి లేచి కుక్కల్ని తప్పించుకుంటూ 30 కిలోమీటర్లు పరిగెత్తి ఇంటికొచ్చేసరికి 9, టిఫిన్ తిని పడుకుంటే మళ్లీ లేచేది మధ్యాహ్నం 2కి, మా పాపకి నేను దొరికేది ఆ ఒక్కరోజే. ఊరికెళ్తే మా అమ్మ "ఎవరు తరుముతున్నార్రా నిన్ను?" అంది. నిజంగానే జవాబు తోచలేదు.

గుండె డాక్టరు దగ్గరికీ వెళ్లాను. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష రెండూ బాగానే వచ్చాయి. అయినా ఆయన "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు?" అని అడిగారు. ఐదు, అమెరికా కాల్స్ అయ్యేసరికి 11 దాటుతుంది కదా. "మరి ఒళ్లు కోలుకునేది ఎప్పుడండీ?" అన్నారు.

ఇంకో సంగతి, మాతో పరిగెత్తేవాళ్లలో కొందరు మోకాళ్లు నొప్పెడతాయని ముందే పెయిన్‌కిల్లర్ మింగి బయల్దేరతారు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకి చేటు, పైగా గంటల తరబడి పరిగెత్తితే కండరాలు దెబ్బతిని ఆ భారం కూడా కిడ్నీల మీదే పడుతుంది. మూత్రం డికాషన్ రంగుకి తిరిగిందంటే పతకం సంగతి మర్చిపోయి ఆసుపత్రికి పోవాల్సిందే. అలాగని దాహం లేకపోయినా లీటర్లకి లీటర్లు నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, దానివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

అందరూ మానెయ్యండి అనడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకాయన ఉన్నారు, పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, రాత్రి 9కల్లా లైటు ఆర్పేస్తారు, రెండేళ్లు నెమ్మదిగా దూరం పెంచుకుంటూ వెళ్లి హాయిగా 50 పూర్తిచేశారు. ఆయనకి సరిపోయింది. ఆరోగ్యం కోసమే అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామమే, లాల్‌బాగ్‌లో చురుగ్గా నడిచినా లెక్కకొస్తుంది.

నేను మాత్రం ఆ 50 కిలోమీటర్ల పోటీకి వెళ్లలేదు, కట్టిన డబ్బులు పోయాయి. వారానికి మూడుసార్లు 8 కిలోమీటర్లు పరిగెడుతున్నాను, ఆదివారం పాపని కబ్బన్ పార్కుకి తీసుకెళ్తున్నాను. పతకాలవాళ్ల పక్కన మాలాంటి మానేసినవాళ్ల మాట కూడా ఎప్పుడైనా వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు