ఆ డబ్బా మూత విప్పడానికి అనుమతి ఇప్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కరించి రాయునది. బడిలో మూలపడ్డ కంప్యూటర్లను బాగు చేయనివ్వమని ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగింటిలో రెండింటికి రసీదులు ఇచ్చారు. ఒకదానికి ఏ జవాబూ లేదు. ఇంకోదానికి మాత్రం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. అది చూసుకుని సంబరంగా బడికి పోయాను. కంప్యూటర్ గదికి తాళం అట్లాగే వేలాడుతోంది. పరిష్కారమైంది తాళం వెనకాల ఉందేమో, నాకు కనిపించలేదు. అందుకే ఈసారి కవరు అంటించకుండా నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

బడులకు కంప్యూటర్లు ఇచ్చిన పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది. ఏ బడికి ఎన్ని కంప్యూటర్లు ఇచ్చారో, మెయింటెనెన్స్ ఎవరికి ఎన్నేళ్లకు రాసిచ్చారో, ఆ గడువు ఎప్పుడు తీరిపోయిందో అన్నీ మీ ఫైళ్లలోనే ఉంటాయి. నేను మాట్లాడేది మా పాప పదో తరగతి చదివే సర్కారు బడిలో ఉన్న పదకొండు కంప్యూటర్ల గురించి. అసలు మాటకొస్తే ఒక బ్యాటరీ గురించి.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు రిపేర్ చేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే బతుకు. ఇక్కడి కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీ మెట్ల మీద చేతిలో హార్డ్ డిస్కులు పట్టుకుని ఈ షాపు నుంచి ఆ షాపుకు ఉరికే కుర్రాళ్లు ఉంటారు చూడండి, అట్లా మొదలుపెట్టినవాణ్ని. నాకు పెద్ద చదువు లేదు గానీ, ఏ పార్టు ఎందుకు ఆగిందో తెలుసు.

పోయిన ఏడాది పేరెంట్స్ మీటింగ్‌కు పోయినప్పుడు మా పాప కిటికీలోంచి ఆ గది చూపించింది. హెచ్ఎం మేడంను అడిగితే పాపం తాళం తీయించారు. ఒక కంప్యూటర్ ఆన్ చేశాను. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు: సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కు. నొక్కాను. మూడు నిమిషాల్లో విండోస్ వచ్చింది. మూలన తేదీ చూస్తే 2009 జనవరి 1.

దీనికి మందు సీఆర్2032 అనే బటన్ బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, కొలత దాని పేరులోనే ఉంది. మూడు వోల్టులు. కరెంటు లేనప్పుడు మదర్‌బోర్డు, అంటే లోపలి పార్టులన్నీ తగిలించే పెద్ద పలక, దాని మీది గడియారాన్ని నడపడం ఈ బ్యాటరీ పని. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆపి ఉన్నా సరే, లోపలి పార్టులకు కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే చిటికెడు కరెంటుతోనే గడియారం నడిచిపోతుంది. మా బడిలో సాయంత్రం కాగానే మెయిన్ ఆపేస్తారు. ఆపాల్సిందే, తప్పేం లేదు. కానీ రాత్రుళ్లు, ఆదివారాలు, ఎండాకాలం సెలవులు, గడియారం భారమంతా ఆ బిళ్ల మీదే పడుతుంది. కొన్నేళ్లకు అయిపోతుంది. మా దగ్గర దాని ధర నలభై రూపాయలు.

ఈ నలభై రూపాయల వల్ల ఏమైందో చెప్తాను, వినండి. తేదీ 2009లో ఆగితే వెబ్‌సైట్లు తెరుచుకోవు. ప్రతి సైటుకూ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని ఒక సర్టిఫికెట్ ఉంటుంది, 2009లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కు ఆ రోజు ఇంకా రానే లేదు. "మీ గడియారం వెనకబడి ఉంది" అని ఇంగ్లీషులో చెప్తుంది. సార్లు దాన్ని "నెట్ లేదు" అనుకున్నారు. నెట్ కోసం లెటర్ పోయింది. కొన్ని నెలలకు నెట్ కుర్రాడు వచ్చి, తన ఫోన్‌లో చూసుకుని, నెట్ బ్రహ్మాండంగా ఉందని సంతకం పెట్టించుకుని పోయాడు. తర్వాత మెయింటెనెన్స్ వాళ్ల మనిషి వచ్చాడు. "మదర్‌బోర్డులు పోయినయి, మార్చాలె" అని రాసిపెట్టాడు. మంత్రి గారూ, ఆ మనిషి ఒక్క డబ్బా కూడా మూత విప్పలేదు. నేను చూసేనాటికి స్క్రూల మీద దుమ్ము చెక్కు చెదరలేదు. ఆ కాగితం పట్టుకుని ఇప్పుడు అన్నిటినీ కండెమ్ చేయాలంటున్నారట.

మూడు కంప్యూటర్లు ఆన్ చేస్తే పీప్ పీప్ అంటున్నాయి, బొమ్మ రాదు. నూటికి తొంభైసార్లు అది ర్యామ్ పిన్నులకు పట్టిన చిలుము. తీసి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరుతో రుద్ది, మళ్లీ పెడితే సరి. ఆ బడిలో రబ్బరు లేని పిల్లలు ఉన్నారా? రెండింటికి పవరే రాదు, ఎస్ఎంపీఎస్ చూడాలి. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపితే దాని ఫ్యాను తిరుగుతుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఒకదాని హార్డ్ డిస్కు టక్ టక్ అని కొట్టుకుంటోంది, అది నిజంగానే పోయినట్టే, ఒప్పుకుంటాను. లోపల ఉన్నది విండోస్ 7, కంపెనీ దాన్ని 2020 జనవరిలోనే వదిలేసింది. అది వేరే ఏడుపు, ఇక్కడ వద్దు.

"మేడం, నేను ఫ్రీగా చేస్తా, పార్టులు కూడా నావే" అన్నాను. ఆమె నా చేతులు పట్టుకున్నంత పని చేశారు. "మీరు తెరిస్తే నా మెడకు చుట్టుకుంటది సార్. స్టాక్ రిజిస్టర్‌ల ఉన్నయి. మీద కంపెనీ సీలు ఉన్నది. పైనుంచి కాగితం తెచ్చుకోండి." ఆమె తప్పు లేదు. రేపు ఆడిట్‌లో ఏ ర్యామ్ తక్కువున్నా ఆమె జీతంలోంచే కోస్తారు. ఆ కాగితం కోసమే ఈ అయిదు అర్జీలు. కంప్యూటర్లు అడగలేదు, డబ్బులు అడగలేదు.

అట్లాగని ఆ గది అసలు తెరవరని కాదు. దసరాకు తెరుస్తారు. ఆయుధపూజ కదా. ప్రతి డబ్బాకూ పసుపు, కుంకుమ, బంతిపూలు. ఒకదాని యూఎస్‌బీ సందులో కుంకుమ ఇప్పటికీ ఉంది. నేనూ నా స్క్రూడ్రైవర్లకు పూజ చేసుకుంటాను, కానీ మర్నాడు వాటితో పని కూడా చేస్తాను.

మా పాప నోట్సు చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీపీయూ అంటే కంప్యూటర్‌కు మెదడు అని రాసి, పక్కన పెద్ద డబ్బా బొమ్మ వేసింది. ఊరంతా డబ్బానే సీపీయూ అంటుంది, పిల్లకేం తెలుసు? రెండు వేళ్ల మధ్య పట్టే చిప్పు అనీ, దాని నెత్తిన వేడి లాగే లోహపు దిమ్మె, ఫ్యాను ఉంటాయనీ ఎవరు చూపించారు గనక? కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది పోతుంది, హార్డ్ డిస్కులో ఉన్నది ఉంటుంది అని గడగడా అప్పజెప్పింది. పరీక్షలో మార్కు కూడా పడింది. తర్వాత మెల్లగా అడిగింది, "నాన్నా, ర్యామ్ ఎట్లుంటది?" చొక్కా జేబులో ఒకటి ఉంటే తీసి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, "గింతేనా?" అంది.

నా కూతురు కాబట్టి చూసింది. మిగతా పిల్లల నాన్నల జేబుల్లో ర్యామ్‌లు ఉండవు కదండీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలై కంప్యూటర్లు తయారుచేసిన ఊరు ఇది. ఇప్పటికీ కండక్టర్లు "ఈసీఐఎల్, ఈసీఐఎల్" అని అరుస్తూనే ఉంటారు. అదే ఊళ్లో పిల్లలు మదర్‌బోర్డును బ్లాక్‌బోర్డు మీద చూస్తున్నారు.

కాబట్టి తమరిని వేడుకునేది అదే మాట. మూత విప్పడానికి అనుమతి ఇప్పించండి. బాగయ్యేవి బాగు చేస్తాను, ఎవరి ముందైనా సరే, మీ ఇంజనీరును పక్కన కూర్చోబెట్టినా సరే. బాగు కానివి తుక్కుకు పంపేముందు ఒక్కటైనా పిల్లల ముందు విప్పి పెట్టనివ్వండి. అది కూడా కుదరదంటే, కుదరదని ఒక కాగితం ఇవ్వండి. పరిష్కరించబడినది అని మాత్రం మళ్లీ మెసేజ్ పంపకండి.

పదకొండు బ్యాటరీలు కొని షాపులో గల్లాపెట్టె పక్కన పెట్టాను. ప్యాకెట్ విప్పకపోతే కొన్నేళ్లు ఉంటాయి. మా పాప పదో తరగతి మాత్రం వచ్చే మార్చితో అయిపోతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విద్యార్థిని తండ్రి,
పార్క్‌లేన్, సికింద్రాబాద్