నల్ల ల్యాబ్‌కు పసుపు పిల్ల పుడితే మోసం కాదు

సంపాదకులకు,

నల్ల ల్యాబ్రడార్ జంటకు పసుపు పిల్ల పుట్టిందంటే భీమవరం నుంచి అమలాపురం దాకా ముందుగా వినపడే మాట ‘కుక్క గోడ దూకింది’. దాంతో క్రాసింగ్ (జత కట్టించడం) డబ్బు ఆగిపోతుంది, మగకుక్క యజమానికి ఇస్తామన్న పిల్లను ఇవ్వరు, ఆ రంగు తేడా పిల్ల కాలవగట్టుకు చేరుతుంది. నిజానికి అది నికార్సైన జాతి పిల్లే కావచ్చు. దాని పక్కన నల్లగా నిగనిగలాడుతున్నదే ఊరకుక్కకు పుట్టి ఉండవచ్చు.

ల్యాబ్‌లో నలుపు బహిర్గతం, పసుపు అంతర్గతం. పిల్లకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యువులు వస్తాయి. ఒకటి నలుపు, ఒకటి పసుపు అయితే కుక్క కారునలుపుగానే ఉంటుంది, లోపల పసుపు ఉన్నట్టు ఆనవాలే కనపడదు. అలాంటివి రెండు కలిస్తే ఒక్కో పిల్ల పసుపుగా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ఎనిమిది పిల్లల ఈతలో సగటున రెండు. అయినా పది ఈతల్లో ఒకదాంట్లో ఎనిమిదీ నల్లగానే పుడతాయి. అందుకే ‘పోయినసారి ఇదే జంటకు అన్నీ నల్లవే పుట్టాయి కదా’ అనే వాదన నిలవదు. చాక్లెట్ రంగు వేరే జన్యువుది, కానీ దాని దారీ ఇదే. రికార్డులకెక్కిన తొలి పసుపు ల్యాబ్, 1899లో పుట్టిన బెన్ ఆఫ్ హైడ్, నల్ల తల్లిదండ్రుల సంతానమే. జర్మన్ షెపర్డ్‌కు తెల్ల పిల్ల, పొట్టి బొచ్చు జంటకు పొడుగు బొచ్చు పిల్ల, నల్ల డాబర్‌మ్యాన్‌లకు బూడిద రంగు పిల్ల పుట్టడమూ ఈ లెక్కలోనివే.

బాక్సర్ల సంగతి కొంచెం వేరు. ముఖం మీద, ఛాతీ మీద, కాళ్లకు తెలుపు బాగా ఉన్నవాటిని రెండింటిని కలిపితే నాలుగింట ఒకటి దాదాపు తెల్లగా పుడుతుంది. ఆ తెల్లవాటిలో చెవుడు ఎక్కువ. ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

ఇదే లెక్కను తిరగేసి చూసేవాళ్లు తక్కువ. రెండు పసుపు ల్యాబ్‌లను కలిపితే నల్ల పిల్ల రాకూడదు. ఇవ్వడానికి రెండింటి దగ్గరా ఆ జన్యువు లేదు. రెండు గోధుమరంగు పగ్‌లకు నల్లది పుట్టినా అంతే. దాగున్నది బయటపడటం సహజం, అసలు లేనిది ఊడిపడటం మహా అరుదు. నిలదీయాల్సింది ఇక్కడ.

ఛాతీ మీద, కాలివేళ్ల మీద చిన్న తెల్లమచ్చ కల్తీకి గుర్తు కాదు. పిండంలో రంగు కణాలు వీపు వైపు నుంచి కిందికి పాకుతాయి, చివరికి చేరేవి ఆ చోట్లే. డాల్మేషియన్ మచ్చలు లేకుండానే పుడుతుంది, అవి రెండో వారంలో మొదలవుతాయి. షెపర్డ్ పిల్లకు చెవులు నిలబడటానికి కొన్నిసార్లు ఆరు నెలలూ పడుతుంది.

ఇక నిజంగా కల్తీ ఎలా జరుగుతుందో చూద్దాం. ఎద సుమారు మూడు వారాలు ఉంటుంది. మొదటి తొమ్మిది పది రోజులు రక్తం కనపడుతుంది, ఆడకుక్క మగవాటిని దగ్గరకు రానివ్వదు. రక్తం పలచబడి గడ్డిరంగుకు తిరిగాక ‘అయిపోయింది’ అనుకుని గొలుసు విప్పేస్తారు. సరిగ్గా చూలు నిలిచే రోజులు అవే! విడుదలైన అండాలు పక్వానికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆపైన మరో రెండు మూడు రోజులు బతుకుతాయి. మగకుక్క వీర్యం లోపల ఐదారు రోజులు పనిచేస్తుంది. కాబట్టి పదకొండో రోజున మీరు కోరిన మగకుక్క, పద్నాలుగో రోజున చెరువు మకాం దగ్గర తిరిగే ఊరకుక్క కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. క్రాసింగ్ అయిపోయిందని కావలి వదిలేయకండి. వెడల్పు సందులున్న గ్రిల్ గేటును నమ్ముకోవద్దు, దాని సందుల్లోంచి కూడా కలుస్తాయి. 21 రోజులూ తలుపున్న గదిలోనే ఉంచాలి, బయటికి తిప్పేటప్పుడు గొలుసు చేతిలోనే ఉండాలి.

పొరపాటు జరిగిందని సొంతంగా హార్మోన్ మందులు వాడొద్దు. ఈస్ట్రోజన్ ఇంజెక్షన్‌తో గర్భసంచిలో చీము పట్టవచ్చు, ఎముక మజ్జ దెబ్బతినవచ్చు. వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి. ‘ఒకసారి ఊరకుక్క కలిస్తే ఇక ఆ కడుపు పాడే’ అన్న నమ్మకానికి ఆధారం లేదు. తర్వాతి ఈతపై ఆ కలయిక ప్రభావం ఏమీ ఉండదు.

తగాదా తేలకపోతే డీఎన్ఏ పరీక్ష ఉంది. తల్లివి, అనుమానమున్న ప్రతి మగకుక్కవి, పిల్లలవి నమూనాలు పంపాలి. తండ్రులు ఇద్దరు ఉండొచ్చు గనుక ఒక్క పిల్లను పరీక్షిస్తే సరిపోదు. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పేముందు పిల్లను తల్లి నుంచి కాసేపు విడిగా ఉంచాలి, నోట్లో పాలుంటే తల్లి కణాలు కలిసిపోతాయి. జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఇచ్చే కాగితంలో ఉండేది యజమాని చెప్పిన వంశావళి, దాగున్న రంగు అందులో కనపడదు. దానికి రంగు జన్యు పరీక్షలు విడిగా ఉన్నాయి, ఒక కుక్కకు జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. క్రాసింగ్‌కు ముందే రెండు వైపులా ఆ ఫలితం చూసుకుని, ఏ రంగులు పుట్టవచ్చో, పుడితే పిల్లల పంపకం ఎలాగో కాగితం మీద రాసుకోండి.

– ఒక పశువైద్యుడు, పాలకొల్లు