ఇంజెక్షన్ ఆపవచ్చు సరే, ఎవరికి?

సంపాదకులు గారికి,

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మగ హార్మోన్‌ను అణిచే ఇంజెక్షన్లు మధ్యమధ్య ఆపినా ఫలితం ఒకటేనని మీ ఆరోగ్యం పేజీలో రాశారు. ఆ ముక్క కత్తిరించుకుని మా వారి స్నేహితుడు ఒకాయన నేరుగా మా ఇంటికే వచ్చారు. మా వారికి వ్యాధి ఎముకలకు పాకింది. ఎవరికి ఒకటే అన్న సంగతి మాత్రం వార్తలో ఎక్కడా లేదు.

లెక్కల టీచరుగా రిటైరయిన దాన్ని. అంకెలు చూడందే నిద్ర పట్టదు. 2012లో వెలువడిన పరిశోధనలో 1,386 మంది ఉన్నారు. రేడియేషన్ తర్వాత పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే ప్రొటీన్; వ్యాధి పోకడను దీనితోనే చూస్తారు) మళ్లీ పెరుగుతున్నా, వ్యాధి వేరే చోటికి పాకని వారు వీరు. మందు ఆపకుండా వాడిన వారిలో సగం మంది 9.1 ఏళ్లు దాటి బతికారు, ఆపి ఆపి వాడిన వారిలో సగం మంది 8.8 ఏళ్లు దాటి బతికారు. ఒకటేనంటే ఒప్పుకుంటాను. మరుసటి ఏడాది వచ్చిన పరిశోధనలోని 1,535 మందికి మాత్రం వ్యాధి పాకింది. అక్కడ ఆ అంకెలు 5.8, 5.1. అంటే ఎనిమిది నెలల పైచిలుకు తేడా. విరామ పద్ధతి తీసిపోదని ఆ పరిశోధకులు తేల్చలేకపోయారు, తీసిపోతుందనీ తేల్చలేదు. పైగా వాళ్లు తోచినప్పుడు మానేయించలేదు. ఏడు నెలల చికిత్సతో పీఎస్ఏ 4కు లేదా అంతకంటే కిందికి దిగిన వారికే ఆపి, పెరిగితే మళ్లీ మొదలుపెట్టారు. మగ హార్మోన్‌ను ఇంకా అణిచే అబిరాటిరోన్ వంటి మాత్రలను మొదటి నుంచే కలిపి ఇచ్చే రోజులూ కావవి.

విరామం కోరేవారి బాధ నాకు తెలియనిది కాదు. పొట్ట చర్మం కింద బియ్యపు గింజంత గుళికను దించే ఆ లావు సూదిని మా వారు లెక్కచేయరు. ఒంట్లోంచి ఎగదన్నే ఆవిరితోనే ఆయన పోరు. పుష్యమాసపు చలిలో అర్ధరాత్రి బనియను పిండితే నీళ్లు కారేలా చెమట, ఆయనకు ఫ్యాను, నాకు రగ్గు. నీరసం, షుగరు, ఎముకలు పలచబడటం వీటికి అదనం. అయితే మందు ఆపిన వారి మానసిక స్థితి మూడో నెలలో మెరుగ్గా కనిపించినా, ఆ తర్వాత ఆ తేడా నిలవలేదని రెండో పరిశోధనే చెబుతోంది.

వచ్చిన పెద్దమనిషికి ఇంకో అనుమానం: మూడు నెలలకోసారి వేయించుకునే వారికి అదే సగం విరామం కదా అని. ఆ గుళికలో ఉండే గోసెరెలిన్ అనే మందు నెలకు వేసేది 3.6 మిల్లీగ్రాములు, మూడు నెలలకు వేసేది 10.8. మూడుతో హెచ్చవేస్తే సరి. ఆస్పత్రికి తిరగడం తగ్గుతుంది తప్ప మందు తగ్గదు. మగ హార్మోన్ తయారయ్యే వృషణాలనే తీసే ఆపరేషన్ చేయించుకున్న వారికైతే ఆపడం, మొదలుపెట్టడం అన్న ప్రశ్నే లేదు.

ఇలాంటి వార్త వేసేటప్పుడు ఏ దశ రోగుల గురించో మొదటి వాక్యంలోనే రాయండి. ఈ వార్తకు వివరణ కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయగలరు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుడివాడ