పరీక్షలు లేకుండా ఎనిమిది నెలలు మాత్రలు పంపిన మీ వైద్య సేవపై ఫిర్యాదు

ఫిర్యాదుల విభాగాధికారి గారికి,

అయ్యా,

నా వయసు 46 ఏళ్లు. అంగస్తంభన సమస్యకు మీ యాప్‌లో సలహా కోరినప్పుడు నన్ను అడిగినవి ఆరు ప్రశ్నలే. ‘ఇతర వివరాలు’ అన్న గడిలో, రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవాల్సి వస్తోందని, తెల్లవారుజామున సహజంగా కలిగే స్తంభన కూడా కొన్నాళ్లుగా ఆగిపోయిందని రాశాను. ఈ సంగతి ఇంకొకరికి చెప్పుకోవడం నాకదే మొదటిసారి. నాలుగు నిమిషాలు తిరక్కుండానే సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాముల మాత్రలకు చీటీ వచ్చింది. ఏ డాక్టరూ ఫోన్ చేయలేదు. మందు సరిగా పనిచేయడం లేదని తర్వాత రాస్తే మోతాదును 100కు పెంచారే గాని, ఎందుకు పనిచేయడం లేదని అడిగినవారు లేరు.

చివరికి కాలి మీద పుండు మానక ఆసుపత్రికి వెళితే, గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 9.8 శాతం ఉందని, అంటే నాకు షుగరు జబ్బు ఉందని తేలింది. షుగరు రక్తనాళాలనూ నరాలనూ దెబ్బతీస్తుందని, అంగానికి రక్తం తీసుకెళ్లే ధమనులు గుండె ధమనుల కన్నా సన్నవి కావడంతో కొందరిలో గుండెజబ్బు బయటపడడానికి కొన్నేళ్ల ముందే ఈ లోపం కనిపిస్తుందని అక్కడి డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించారు. తెల్లవారుజామున కూడా స్తంభన లేకపోతే శారీరక కారణం వెతకాలన్నారు. నేను మీకు రాసింది సరిగ్గా అదే.

మాత్రను నేను తప్పుపట్టడం లేదు, సరైన వారికి అది మంచి మందే. కారణం వెతక్కుండా దాన్ని నెలనెలా పంపడమే నా ఫిర్యాదు. అంతకన్నా భయం కలిగించే విషయం మరొకటి ఉంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడుతున్నారా అన్న ప్రశ్న మీ ఫారంలో ఎక్కడా లేదు. ఆ రెండు మందులూ కలిస్తే బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. డాక్టరు ముఖం చూడలేని సిగ్గుతోనే మావంటివారు మీ దగ్గరికి వస్తారు కాబట్టి, అడగవలసిన బాధ్యత మీ మీద ఇంకా ఎక్కువ.

నా చీటీల మీద సంతకం చేసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, నా సమాధానాల పూర్తి ప్రతి పంపండి. నైట్రేట్ల ప్రశ్నను తప్పనిసరి చేసి, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, అవసరమైతే ఉదయం పూట టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) పరీక్షల ఫలితాలు చూసిన తర్వాతే డాక్టరు చీటీ రాసేలా ఏర్పాటు చేయండి. పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు