రాసి మరచిపొమ్మని మా పిల్లలకు చెప్పకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. జీవ పరిణామ సిద్ధాంతం గురించి మీ పాఠకుల లేఖల శీర్షికలో కొద్ది రోజులుగా సాగుతున్న చర్చను చదువుతున్నాను. ముస్లిం పిల్లలకు ఆ పాఠం చెప్పడం వృథా అని, వాళ్ల మతం ఒప్పుకోదు కాబట్టి వాళ్లు ఎలాగూ నమ్మరని ఒకరు రాశారు. ఆ పాఠం ఈమాన్‌కే, అంటే విశ్వాసానికే ముప్పు అని, ఆ రోజు పిల్లలను బడికి పంపకపోయినా తప్పు లేదని మా మతస్థులే మరొకరు రాశారు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి గిట్టదని లేఖలు చదివితేనే తెలుస్తోంది. అయినా ఇద్దరూ తేల్చింది ఒకటే: ముస్లిం అయితే డార్విన్‌ను వదులుకోవాలి, డార్విన్ కావాలంటే దీన్‌ను, అంటే మతాన్ని వదులుకోవాలి.

నేను ఇంటర్మీడియెట్ విద్యార్థులకు చాలా ఏళ్లుగా జంతుశాస్త్రం బోధిస్తున్నాను. ఐదు పూటలా నమాజు చేస్తాను. రెండో సంవత్సరంలో జీవ పరిణామం యూనిట్ వచ్చినప్పుడు ఒక్క పేరా కూడా వదలకుండా చెబుతాను. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

ఆ రెండు లేఖలకన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి ఉంది. గొడవ ఎందుకని చాలా మంది ఉపాధ్యాయులు పట్టుకునే నడిమి దారి అది. "ఇది సిలబస్‌లో ఉంది కాబట్టి పరీక్షలో రాయండి. తర్వాత మరచిపోండి. నమ్మనక్కర్లేదు" అని తరగతిలోనే చెబుతారు. హిందూ ఉపాధ్యాయులు మా మనసు నొప్పించకూడదన్న మర్యాదతో అంటారు. ముస్లిం ఉపాధ్యాయులు తల్లిదండ్రులు వచ్చి నిలదీస్తారన్న జంకుతో అంటారు. నిర్మాణ సామ్య అవయవాల (పని వేరైనా లోపలి ఏర్పాటు ఒకటే అయిన అవయవాల) గురించి ఎనిమిది మార్కుల ప్రశ్నకు బొమ్మలతో సహా చక్కగా జవాబు రాసిన ఒక అమ్మాయి ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నేను నమ్మనిది నిజమని రాశాను కదా, తౌబా (పశ్చాత్తాప ప్రార్థన) చేసుకోవాలా?" అని అడిగింది. పదిహేడేళ్ల పిల్ల. అబద్ధం ఆడకూడదని ఇంట్లో నేర్పితే, మార్కుల కోసం ఆడవచ్చని మనం కళాశాలలో నేర్పాం. ఆ పిల్లకు చదువూ దక్కలేదు, మనశ్శాంతీ దక్కలేదు.

ఈ పాఠం నేనెలా చెబుతానో కొంత రాస్తాను. బక్రీద్ తర్వాత పాయా వండని ఇల్లు మా పేటల్లో అరుదు. మేక ముందు కాలి ఎముకలను పిల్లలే తెస్తారు. సబ్బు నీళ్లలో ఉడికించి, మిగిలిన కండ గీకేసి, ఎండబెట్టి దాస్తాం. పాఠం రోజున వాటిని బల్ల మీద వరుసగా పేరుస్తాం. పైన భుజం ఎముక, ఒక్కటే. దాని కింద రత్ని, అరత్ని అనే ముంజేతి ఎముకలు రెండు. ఆ కింద చిన్న చిన్న ఎముకల గుత్తి. మేక ముందు కాలికి మోకాలు అని మనం పిలిచే చోటు ఇదే. అది మోకాలు కాదు, మణికట్టు. ఆ తర్వాత ఒక పొడవాటి ఎముక ఉంటుంది. దాన్ని వెలుతురులో తిప్పి చూస్తే ముందు వైపు నిలువునా సన్నటి గాడి కనిపిస్తుంది. కింది కొస రెండుగా చీలి ఉంటుంది. మన అరచేతిలో మధ్య వేలికి, ఉంగరపు వేలికి ఆధారమైన రెండు ఎముకలు మేకలో ఒకటిగా కలిసిపోయాయి. ఆ గాడి వాటి అతుకు. మేక పిండంలో అవి మొదట విడివిడిగానే ఉంటాయి. రెండు గిట్టలు ఆ రెండు వేళ్ల కొసలు. వెనక వైపు కొంచెం పైన, నేలకు తగలకుండా వేలాడే రెండు చిన్న గిట్టలు చూపుడు వేలికి, చిటికెన వేలికి మిగిలిన గుర్తులు. బొటన వేలు లేదు.

పిల్లలు తమ అరచేతిని బల్ల మీద ఆనించి ఒక్కొక్క ఎముకకూ లెక్క చూసుకుంటారు. ఏ వస్తువునూ పట్టుకోని జంతువుకు చేతి ఎముకల ఏర్పాటు ఎందుకుంది? గబ్బిలం రెక్కలో, తిమింగలం తెడ్డులో అదే వరుస ఎందుకుంది? వీటన్నిటికీ ఎప్పుడో ఒకే పూర్వజీవి ఉండేదన్న సమాధానం అక్కడ నేను చెప్పకముందే పిల్లల నోటి నుంచి వస్తుంది. ఆ బల్ల చుట్టూ నిలబడిన ఏ బిడ్డా దీన్‌కు దూరమవడం నేను చూడలేదు. సుబ్‌హానల్లాహ్ అన్న పిల్లలను మాత్రం చూశాను.

కోతి నుంచి మనిషి పుడితే ఇప్పటి కోతులు మనుషులుగా ఎందుకు మారడం లేదన్న ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది. ఇప్పుడున్న కోతి మన తాత కాదు. మేనత్త కొడుకుకూ మీకూ తాత ఒకరే, అంతమాత్రాన మేనత్త కొడుకు మీ తాత అయిపోడు కదా అంటే పిల్లలకు అర్థమవుతుంది.

ఇక మా ఇంటి సంగతి. పరిణామం గురించిన వాదన ముస్లింలకు పరాయిది అనుకునేవారు హైదరాబాద్ చరిత్రను ఒకసారి చూడాలి. దేశదేశాలు తిరిగిన ముస్లిం ఆలోచనాపరుడు జమాలుద్దీన్ అఫ్గానీ 1880 ప్రాంతంలో కొన్నేళ్లు ఈ నగరంలోనే ఉన్నారు. భౌతికవాదులను ఖండిస్తూ ఇక్కడే పారశీకంలో ఒక పుస్తకం రాశారు. అది 1881లో అచ్చయింది. డార్విన్ లెక్క ప్రకారం శతాబ్దాలు గడిస్తే ఈగలాంటి పురుగు ఏనుగు కావచ్చు, ఏనుగు మళ్లీ పురుగూ కావచ్చు అని అందులో ఎద్దేవా చేశారు. డార్విన్ అలా ఎక్కడా చెప్పలేదు. అయినా ఈనాటికీ మా వేదికల మీద వినిపించే ఎగతాళి దాదాపు అదే. అదే అఫ్గానీ తర్వాతి కాలంలో మెత్తబడి, ఈ ఆలోచన అరబ్బు పండితులకు ముందే తెలుసని అన్నారన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తు చేయరు. 1929 జనవరిలో కవి ఇక్బాల్ మద్రాసులో ఇచ్చిన ఉపన్యాసాలను హైదరాబాద్‌లోనూ వినిపించారు. వలసలు, పరిసరాలు జంతువుల జీవితాన్ని మారుస్తాయని తొమ్మిదో శతాబ్దపు బస్రా రచయిత అల్ జాహిజ్ సూచించిన విషయాన్ని, ఆ తర్వాత పుస్తకంగా వచ్చిన ఆ ఉపన్యాసాల పరంపరలో ప్రస్తావించారు. ఖనిజాల నుంచి మొక్కలకు, మొక్కల నుంచి జంతువులకు, కోతుల దగ్గర నుంచి ఆలోచించగల మనిషి వరకు సృష్టి మెట్లు మెట్లుగా సాగిందని ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే రాశారు. వీళ్లెవరూ డార్విన్ కన్నా ముందే ప్రకృతి వరణాన్ని (పరిసరాలకు తగిన జీవులే ఎక్కువగా నిలిచి సంతతిని పెంచుకుంటాయన్న సూత్రాన్ని) కనిపెట్టేశారని నేను అనడం లేదు. అలాంటి గొప్పలు నాకు నచ్చవు. ఆ ఆలోచన వినగానే కాఫిర్ (అవిశ్వాసి) అనే అలవాటు వాళ్లకు లేదని మాత్రమే చెబుతున్నాను.

గొప్పల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అల్లాహ్ మిమ్మల్ని దశలు దశలుగా సృష్టించాడన్న నూహ్ సూరా (అధ్యాయం) ఆయత్‌ను (వాక్యాన్ని) చూపించి, డార్విన్ సిద్ధాంతం ఖుర్ఆన్‌లో ఉందని వీడియోలు చేసేవారున్నారు. పాత వ్యాఖ్యాతలు ఆ దశలను తల్లి గర్భంలో శిశువు ఎదిగే దశలుగా చెప్పారు. రేపు విజ్ఞానశాస్త్రం తన మాట సవరించుకుంటే, ఆ ఆయత్‌ను ఏం చేస్తారు? అల్లాహ్ వాక్కును మన పాఠ్యపుస్తకానికి సాక్షిగా నిలబెట్టవద్దు. ఇటు వైపు ఈ పని ఎంత తప్పో, అటు వైపు హారూన్ యహ్యా అన్న కలం పేరుతో తుర్కియే నుంచి వచ్చిన రంగురంగుల పుస్తకాలు అంత తప్పు. ప్రాణులు కోట్ల ఏళ్లుగా మారలేదని నిరూపించడానికి వేసిన ఫోటోల్లో ఒక చోట పురుగుకు బదులు చేపలకు వేసే కృత్రిమ ఎర ఉంది. దాని గాలం కూడా ఫోటోలో కనిపిస్తుంది.

దైవప్రవక్త గారి చిన్న కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే సూర్యుడు నల్లబడ్డాడని జనం అనుకున్నారు. ఎవరి చావు కోసమూ, ఎవరి పుట్టుక కోసమూ గ్రహణం పట్టదని ఆయన అందరికీ చెప్పారు. కడుపుకోతలో ఉన్న తండ్రి, తన బిడ్డకు దక్కబోయిన మహిమను కూడా వద్దన్నారు. దీన్ని బుఖారీ హదీసుల్లో చదువుకోవచ్చు. ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకు ఇమాం గజాలీ గ్రహణాల సంగతే ఎత్తి, లెక్క కట్టి రుజువు చేసిన విషయాన్ని మతం పేరుతో ఖండించేవాడు మతానికే హాని చేస్తున్నాడని రాశారు. జుమా ఖుత్బాలో (శుక్రవారం ప్రసంగంలో) డార్విన్‌ను తిట్టే మిత్రులు ఈ మాటను ఒకసారి ఆలోచించాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

తొలి మానవుడు ఆదం అలైహిస్సలాం మాటేమిటని అడుగుతారు. అసలు చిక్కు అక్కడే ఉందని నాకూ తెలుసు. దాన్ని దాటవేయను. మనిషి విషయంలో పరిణామాన్ని ఒప్పుకోని ఆలిములే (మత పండితులే) ఎక్కువ. మిగతా ప్రాణుల విషయంలో అభ్యంతరం లేదని, మనిషిని మాత్రం అల్లాహ్ నేరుగా సృష్టించాడని వారిలో చాలా మంది అంటారు. ఇప్పటి లెబనాన్‌లోని త్రిపోలీకి చెందిన పండితుడు హుసేన్ అల్ జిస్ర్ 1888లో ఇంకొంచెం ముందుకు వెళ్లారు. తిరుగులేని రుజువు వస్తే ఆయత్‌లకు దానికి అనుగుణమైన అర్థం చెప్పుకోవచ్చని, ఎలా పుట్టినా పుట్టించినవాడు అల్లాహ్‌యే అని రాశారు. ఈ కాలంలో డేవిడ్ సోలమన్ జలాజెల్ అనే పండితుడు మరో దారి చూపారు. ఆదం సృష్టి ఒక మహిమ, దాన్ని నమ్ముతాం. ఆయన భూమి మీదికి వచ్చేసరికి వేరే మానవులు ఉన్నారా లేదా అన్నది ఖుర్ఆన్ చెప్పలేదు. చెప్పని చోట అవుననీ కాదనీ పట్టుబట్టకుండా ఆగడమే పద్ధతి అంటారాయన. నాకు ఈ దారి నచ్చింది. ఆలె ఇమ్రాన్ సూరాలో ఈసా అలైహిస్సలాం (యేసు) పుట్టుకను ఆదం పుట్టుకతో పోల్చిన ఆయత్ ఉంది. తండ్రి లేకుండా మర్యమ్‌కు ఈసా పుట్టారని మేమంతా నమ్ముతాం. అంతమాత్రాన ప్రసూతి వైద్యం పుస్తకాలు తప్పని ఏ ముస్లిం డాక్టరూ అనలేదు. మా ఆడపిల్లలు ఆ పుస్తకాలు చదివే గైనకాలజిస్టులు అవుతున్నారు. ఈసా విషయంలో ఇంత హాయిగా నిలబడగలిగినవాళ్లం ఆదం విషయంలో ఎందుకు వణకాలి?

మతం ఉంటే శాస్త్రం అబ్బదని రాసిన పాఠకుడికీ ఒక మాట. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నుంచి 2023లో పరిణామం భాగాన్ని తీసేసినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన లేఖ మీద సంతకం చేశారు. 2018లో డార్విన్ చెప్పింది తప్పని ఒక కేంద్ర సహాయ మంత్రి అన్నారు. ఈ రెండింటిలోనూ ముస్లింల ప్రమేయం లేదు. తుర్కియే 2017లో ఉన్నత పాఠశాలల నుంచి ఈ పాఠం తీసేయడానికి నిర్ణయించడం నాకు ఇంకా కోపం తెప్పించింది. కానీ జోర్డాన్‌లో హిజాబ్ ధరించిన జీవశాస్త్రవేత్త రానా దజానీ విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థులకు పరిణామం బోధిస్తూ, ఎందుకు బోధిస్తున్నారో నేచర్ పత్రికలో 2015లో రాశారు. మమ్మల్ని కలిపి కట్టి ఒకే మూటగా చూడకండి.

భూమిలో సంచరించి సృష్టి ఎలా మొదలైందో చూడమని అంకబూత్ సూరా చెబుతోంది. హైదరాబాద్ పిల్లలకు అందుకు దూరం పోనక్కర్లేదు. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబడి ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి, వయసు 16 కోట్ల ఏళ్లకు పైమాటే. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మన దేశ జనాభా జన్యు చరిత్రను చదువుతున్నారు. మదర్సా పిల్లలను కూడా ఈ రెండు చోట్లకీ తీసుకువెళ్లాలని మసీదు కమిటీలను కోరుతున్నాను. బస్సు ఏర్పాటు చేస్తే పాఠం చెప్పడానికి నేను వస్తాను.

మీ పత్రికకు ఒక విన్నపం. విద్యార్థుల పేజీలో కొన్ని వారాలు పరిణామం మీద వరుసగా వ్యాసాలు వేయండి. ఒక జీవశాస్త్రవేత్త, ఒక ఆలిమ్ పక్కపక్కనే పిల్లల ప్రశ్నలకు జవాబు రాయాలి. ప్రశ్నలు నా దగ్గర ఒక నోటు పుస్తకం నిండా ఉన్నాయి, పిల్లలు తమ చేతితో రాసినవి. వాటిలో మొదటిది ఇది: నియాండర్తల్ మనుషులకు (అంతరించిపోయిన ప్రాచీన మానవులకు) రూహ్, అంటే ఆత్మ ఉండేదా, వాళ్లు ఆదం సంతానమేనా? ఆఫ్రికా బయటి ప్రజల జన్యువుల్లో దాదాపు 2 శాతం నియాండర్తల్‌ల నుంచి వచ్చిందని, మన పూర్వికులకూ వాళ్లకూ పిల్లలు పుట్టారని నేను చెప్పగలను. మిగతా సగం జవాబు ఆలిములు చెప్పాలి. నోటు పుస్తకం ప్రతిని మీరు ఎప్పుడడిగితే అప్పుడు పంపుతాను.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
మెహదీపట్నం, హైదరాబాద్