కార్టిసాల్ రిపోర్టులో టైమ్ ఏది?

సంపాదకులు గారికి,

కార్టిసాల్ పరీక్ష రిపోర్టు మీద రక్తం ఎన్ని గంటలకు తీశారో తప్పకుండా అచ్చు వేయాలని మన జిల్లా ల్యాబ్‌లవాళ్లను కోరుతున్నాను.

మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే ఈ హార్మోను పొద్దున ఎక్కువగా ఉండి, సాయంత్రానికి బాగా తగ్గుతుంది. అందుకే ఉదయం 8 గంటల ప్రాంతంలో రక్తం తీయాలి. నీరసం, వాంతులతో ఉన్న మా పెద్దమ్మను దర్శి నుంచి ఒంగోలు తీసుకెళ్లి చూపించేసరికి మధ్యాహ్నం దాటింది. ల్యాబ్‌లో అప్పుడే రక్తం తీశారు. డెసిలీటరుకు 4.2 మైక్రోగ్రాములు వచ్చింది, పక్కనే లావు అక్షరాల్లో తక్కువ అని వేశారు. పోల్చింది మాత్రం ఉదయపు లెక్కతో! ఇంటిల్లిపాదికీ టెన్షన్. మర్నాడు పొద్దున తీస్తే 11.

ఉదయపు రక్తంలో డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపుంటే అడ్రినల్ లోపాన్ని, అంటే ఆ గ్రంథులు సరిపడా కార్టిసాల్ తయారుచేయకపోవడాన్ని, గట్టిగా అనుమానించాలి. 18 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ఆ గ్రంథులను పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి, అరగంటకీ గంటకీ మళ్లీ రక్తం తీసి చూడాలి. మనిషి పడిపోయే స్థితిలో ఉంటే మాత్రం పొద్దుటిదాకా ఆగరు, వెంటనే కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మందు ఇస్తారు.

డాక్టర్ గారు మందుల సంగతి అడిగితే పెద్దమ్మ చెంగుముడి విప్పి కాగితం పొట్లం తీసింది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చిన విడి మాత్రలు, పేరూ ఊరూ లేవు. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసే కనిగిరి, పొదిలి, దర్శి పల్లెల్లో ఈ పొట్లాలు కొత్త కాదు. వాటిలో కార్టిసాల్‌లా పనిచేసే ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటే, వారాల తరబడి వాడినప్పుడు ఒంట్లో సొంత కార్టిసాల్ తయారీ తగ్గిపోతుంది. పైగా ప్రెడ్నిసలోన్ కొన్ని పరీక్షల్లో కార్టిసాల్‌గానే లెక్కకొచ్చి, లేని కార్టిసాల్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. అలాగని భయపడి ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాల్సిందే.

రక్తం తీసేముందు ల్యాబ్‌వాళ్లు స్టెరాయిడ్ మాత్రలు, ఇన్‌హేలర్లు, చర్మానికి పూసే క్రీములు వాడుతున్నారా అని అడిగి రిపోర్టులో రాయాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్లు అమ్మకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఔషధ తనిఖీ అధికారులు మండలాల్లోని దుకాణాలకూ రావాలి. దూరం నుంచి వచ్చే రోగులకు ఈ ఒక్క పరీక్షకైనా ఆసుపత్రులు ముందురోజే చీటీ రాసిచ్చి, తెల్లవారగానే రక్తం తీసే ఏర్పాటు చేయాలని నా విన్నపం.

ఒక పాఠకురాలు,
దర్శి, ప్రకాశం జిల్లా